ఇల్లు మరచిన తుత్తునాగం

పల్నాడులోని రాజుపాలెం పిల్లలకు సున్నపు బట్టీలంటే కొత్త కాదు. పొరుగున ఉన్న పిడుగురాళ్ళ సున్నానికి పేరుపడ్డ ఊరు. సున్నం గోడలకు కొడతారనీ, తమలపాకుకు రాస్తారనీ మీకు తెలుసు. కాని అదే సున్నం బ్యాటరీ ఆయుష్షు కూడా పెంచుతుందంటే నమ్ముతారా?

చవకగా దొరికే టార్చిలైటు సెల్లు లోపలి డబ్బా జింకుతో చేసినది. జింకునే మనవాళ్ళు తుత్తునాగం అంటారు. సెల్లు వెలుతురు ఇచ్చినకొద్దీ ఆ జింకు కరిగిపోతూ ఉంటుంది. కరిగిన జింకును వెనక్కు రప్పించలేమా? రప్పించవచ్చు. అందుకు తగినట్టు చేసిన బ్యాటరీలోకి బయటినుంచి విద్యుత్తును ఎదురు పంపితే, జింకు మళ్ళీ వచ్చి పలకను అంటుకుంటుంది. నికెలు, జింకు పలకలతో ఇటువంటి బ్యాటరీకి ఎడిసన్ 1901లోనే పేటెంటు పొందాడు. ఐర్లండులో డ్రమ్ అనే శాస్త్రజ్ఞుడు చేసిన ఇటువంటి బ్యాటరీలతో 1932లో రైళ్ళే నడిచాయి!

మరి అవి ఇంటింటికీ ఎందుకు రాలేదు? బడిలో ఆటవిడుపు అయ్యాక పిల్లలు తమ చోట్లు మరచి ఇష్టం వచ్చిన బల్లమీద కూర్చుంటే ఏమవుతుంది? ఒక బల్ల కిక్కిరిసిపోతుంది, ఇంకొకటి ఖాళీగా ఉంటుంది. క్షారజలంలో కరిగిన జింకు కూడా అంతే. తిరిగి వచ్చేటప్పుడు తన పాతచోటికి రాదు. ఎక్కువగా పోగుపడ్డచోట ముళ్ళలాగా పెరుగుతుంది. ఒక ముల్లు మధ్యనున్న పలుచని తెరను పొడుచుకుని అవతలి పలకను తాకిందా, బ్యాటరీ పని సరి!

ఇక్కడే సున్నం అక్కరకు వస్తుంది. జింకు పలకలో కొంత తడి సున్నం కలిపితే, కరగబోయే జింకు దానితో కలిసి కాల్షియం జింకేటు అవుతుంది. అది క్షారజలంలో అంతగా కరగదు. అందుచేత జింకు దూరం పోకుండా పలక దగ్గరే ఉండిపోతుంది. అలాగని సున్నం ఎక్కువ వేయకూడదు. సున్నం తానుగా విద్యుత్తును దాచలేదు, బరువు మాత్రం పెంచుతుంది.

మరొక ఉపాయం, జింకును స్పాంజిలాగా బోలుబోలుగా చేయటం. అప్పుడు విద్యుత్తు అన్ని మూలలకూ సమంగా అందుతుంది, ముళ్ళు లేవవు. అమెరికా నౌకాదళపు శాస్త్రజ్ఞులు 2017లో ఈ సంగతి వెల్లడించారు.

ఇంత శ్రమ దేనికంటే, జింకు చవక; పైగా ఈ బ్యాటరీలోని ద్రవం నీటితో చేసినది కనుక నిప్పంటుకోదు. జింకు వేలసార్లు తప్పకుండా ఇల్లు చేరగలిగితే, పగటి ఎండను దాచుకుని రాత్రి దీపం వెలిగించుకోవటం పేదవారికి కూడా సులువవుతుంది.

ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకోండి: మామూలు టార్చిలైటు సెల్లు తిరిగి నింపటానికి చేసినది కాదు. దానిలోకి విద్యుత్తు ఎక్కించబోకండి, పగలగొట్టి చూడబోకండి.