గోడకెక్కిన అచ్చు

గత వేసవి సెలవులలో ఒక బంధువుల యింట గోడకు తగిలించిన టేకు దిమ్మె నొకదానిని చూచితిని. అరచేతియంత వెడల్పు, నడుమ పువ్వు, చుట్టును తీగ. ఏండ్ల తరబడి రంగు పీల్చి నల్లబడినది. అలంకారమునకై కొన్నారట. దానితో అద్దిన బట్ట యెట్లుండునో ఆ యింట నెవ్వరికిని తెలియదు.

మచిలీపట్నమునకు చేరువనున్న పెడనలో ఇట్టి దిమ్మెలతోనే కలంకారీ బట్టలు సిద్ధమగును. పేరులో కలమున్నను అచట పని అచ్చులదే. కలముతో వ్రాయు పద్ధతి శ్రీకాళహస్తిది. కరక్కాయ నీటిలో ముంచి యారవేసిన నూలుబట్టపై ముందు నల్లని గీతలు అద్దుదురు. బెల్లపునీటిలో ఇనుపముక్కలను దినముల తరబడి నానవేయగా వచ్చిన ద్రవమే ఆ నలుపునకు మూలము. ఎఱుపు కావలసిన చోట పటికనీరు అద్దుదురు. అప్పటికి ఆ చోట ఎఱుపు కానరాదు. బట్టను కాలువలో జాడించి, రంగు కాగులో కాచినప్పుడే తేలును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క దిమ్మె. ఒకటి వెంట్రుకవాసి తొలగినను పువ్వు చెడును.

నేడు కొందఱు చిత్రకారులు పాత దిమ్మెలను కొని కాగితముపై అద్దుచున్నారు. ఒకే దిమ్మెను పలువిధముల త్రిప్పి, ముద్రపై ముద్ర పడనిచ్చి, క్రొత్త రూపములు కల్పించుచున్నారు. ఇది సంప్రదాయమునకు అపచారమనువారు కలరు. నేనొప్పుకొనను. గోడమీద ఊరక యుండుటకంటె కాగితముపై పలుకుట మేలు గదా! చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్ నగరమున లోహపు పలకలతో ముద్రణచిత్రములు చేసి లోకప్రసిద్ధుడయ్యెను. ముద్రణకళ మనకు పరాయిది కాదు.

నా అభ్యంతరము వేఱు. చిత్రము క్రింద చిత్రకారుని సంతకముండును. దిమ్మె చెక్కినవాని ప్రసక్తియే యుండదు. పేరు తెలియకున్న ఊరిపేరైనను వ్రాయవచ్చును. అదియును తెలియదందురా, పాత దిమ్మెతో అద్దినదని యొక్క మాట చాలును. మఱియు పాతవానినే కొనుచుండిన లాభము దుకాణమునకే. గుజరాతులో గాంధీనగరమునకు సమీపమందలి పేథాపూర్ దిమ్మెల చెక్కడమునకే పేరొందిన ఊరు. అచటను ఆ పనివారు కొలదిమందియే మిగిలిరి. పది పాత దిమ్మెలు కొనువారు ఒక్క క్రొత్తదానినైనను చెక్కించుకొనవలదా?

విద్యార్థులారా! మన తెలుగులో అచ్చనగా దిమ్మె, అచ్చనగా ముద్రణము, 'అ' మొదలగు అక్షరములును అచ్చులే. పొరుగు భాషల నడుమ పెరుగు మన పిల్లలకు ఈ మాట పుస్తకములో మాత్రమే కనబడుచున్నదని తల్లిదండ్రులు చింతింతురు. చేతితో పట్టి చూచినచో మఱవరని నా తలంపు. చిత్రలేఖనపు తరగతిలో ఉపాధ్యాయుని యెదుట బంగాళాదుంప ముక్కపై 'క' చెక్కి, రంగు పూసి, కాగితముపై నొత్తుడు. కుడియెడమలు తారుమారై పడును. అద్దములో కనబడునట్లు చెక్కవలెనని అప్పుడు తెలియును. నేనును మొదటిసారి తప్పుగనే చెక్కితిని.