హంతకుడి అలమరలో నవల

ఫ్రెడరిక్ ఫోర్సైత్ 2025 జూన్ 9న కన్నుమూశారు. 86 ఏళ్లు. బ్రిటన్ వాయుసేనలో విమానం నడిపి, రాయిటర్స్‌కూ బీబీసీకీ విలేకరిగా పనిచేసి, నైజీరియాలో బయాఫ్రా యుద్ధాన్ని దగ్గరనుంచి చూసి, చేతిలో డబ్బు లేని రోజుల్లో మొదటి నవల రాసిన మనిషి. ఆయన పేరు ఎత్తగానే పాఠకులూ పత్రికలూ తెచ్చే ప్రస్తావన ఒకటుంది. దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదించాలో లోకానికి నేర్పింది ఆయనేనట. కొందరు దీన్ని మెచ్చుకోలుగా అంటారు, కొందరు నిందగా. రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: థ్రిల్లర్ రచయిత నేరాన్ని కనిపెడతాడు, నేరగాడు అది చదివి అమలు చేస్తాడు. ఆ నమ్మకం తప్పు. అసలు బాధ్యుల్ని తప్పిస్తుంది గనక ప్రమాదం కూడా.

‘ది డే ఆఫ్ ది జాకాల్’ 1971లో వచ్చింది. అల్జీరియాను వదులుకున్నందుకు ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ మీద కక్షగట్టిన ఓఏఎస్ అనే రహస్య సంస్థ, ఆయన్ను చంపడానికి ఒక ఇంగ్లీషు కిరాయి హంతకుణ్ణి కుదుర్చుకోవడం కథ. వెనకున్న చరిత్ర నిజం. 1962 ఆగస్టు 22న పారిస్ శివారు పెటీ క్లమార్‌లో డిగాల్ కారు మీద కాల్పులు జరిగాయి. ఆయన బతికి బయటపడ్డారు. డిగాల్ హంతకుల చేతిలో పోలేదని పుస్తకం తెరిచే ప్రతివాడికీ తెలుసు. తెలిసి కూడా కింద పెట్టలేకపోవడమే ఆ నవల సత్తా. చివరి మలుపు ఒక్కటే థ్రిల్లర్‌కు ప్రాణమనుకునేవాళ్లు ఈ పుస్తకాన్ని మరోసారి చదవాలి.

జాకాల్ అనే ఆ హంతకుడు పల్లెటూరి చర్చి సమాధుల మధ్య తిరిగి, పసితనంలోనే పోయిన ఒక పిల్లవాడి పేరు పట్టుకుంటాడు. బతికుంటే తన ఈడువాడు. వాడి జనన ధ్రువపత్రం నకలు తీసుకుని పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడతాడు. వచ్చేస్తుంది. జననాల రిజిస్టరు పక్కన మరణాల రిజిస్టరు పెట్టి చూసేవాడు ఆఫీసులో లేడు.

ఇది ఫోర్సైత్ ఊహలో పుట్టిన ఉపాయం కాదు. నవలకు పదేళ్ల ముందే, 1961లో, గోర్డన్ లాన్స్‌డేల్ అనే కెనడా వ్యాపారిని లండన్‌లో అరెస్టు చేశారు. అతను కొనొన్ మొలోదీ అనే సోవియట్ గూఢచారి. లాన్స్‌డేల్ అన్నది ఎప్పుడో చనిపోయిన ఒక కెనడా పౌరుడి పేరు. ఆ కేసు కోర్టులో విచారణకు వచ్చింది, పత్రికలూ రాశాయి. గూఢచారులకూ, వాళ్లను పట్టుకునేవాళ్లకూ తెలిసిన దారినే ఫోర్సైత్ మామూలు పాఠకుడికి చెప్పారు.

నింద మోపేవాళ్లు దాటేసే సంగతి మరొకటి ఉంది. విరుగుడు కూడా అదే నవలలో ఉంది. లండన్ పోలీసులు పాస్‌పోర్టు దరఖాస్తులను మరణ ధ్రువపత్రాలతో ఒక్కొక్కటిగా పోల్చి చూసి, చనిపోయిన పిల్లవాడి పేరున పాస్‌పోర్టు తీసుకున్నవాణ్ణి గుర్తిస్తారు. తుపాకులూ ఛేజింగులూ కావు, గుమాస్తాల ఓపికే దారి చూపిస్తుంది. ఆ పేజీల్ని ప్రభుత్వం పట్టించుకోలేదు. 2005లో కూడా, 1963లో పోయిన ఒక పసివాడి పేరుతో ఏళ్లతరబడి బ్రిటిష్ పాస్‌పోర్టు వాడుతున్న ఒక అమెరికావాడు పట్టుబడ్డాడు. కోట్లమంది చదివిన నవల రహస్యాన్ని బయటపెట్టిన ముప్పై నాలుగేళ్లకు! తప్పు రచయితదా, ఆఫీసుదా?

జాన్ స్టోన్‌హౌస్ సంగతీ అంతే. బ్రిటన్ మాజీ మంత్రి. 1974 నవంబరులో మయామీ సముద్రతీరంలో బట్టలు వదిలేసి, మునిగిపోయాడని లోకాన్ని నమ్మించి, నెల దాటాక ఆస్ట్రేలియాలో దొరికాడు. జాకాల్ పద్ధతి అని ఇప్పటికీ రాస్తారు. ఆయన వాడుకున్నది తన నియోజకవర్గంలో చనిపోయిన ఇద్దరి పేర్లు. వివరాల కోసం వాళ్ల భార్యల ఇళ్లకు వెళ్లాడు. భర్త పోయిన ఇంటికి పరామర్శకని పార్లమెంటు సభ్యుడు వస్తే ఏ తల్లి అనుమానిస్తుంది? ఆ తలుపులు తెరిపించింది ఆయన పదవి. నవల కాదు.

ఇక పోలీసులు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల రహస్య విభాగం ఒకటి, ఉద్యమకారుల్లోకి చొరబడడానికి తన మనుషులకు చనిపోయిన పిల్లల పేర్లే తగిలించింది. ఆ తల్లిదండ్రులకు మాటైనా చెప్పలేదు. 2013లో బయటపడ్డాక క్షమాపణ చెప్పారు. ఆ పనిని వాళ్లు లోపల్లోపల ‘జాకాల్ రన్’ అనుకునేవారట. పేరు నవల నుంచే తీసుకున్నారు, కాదనను. ఆ పని చేయించి జీతమిచ్చింది మాత్రం ప్రభుత్వం.

పత్రికల పాత్ర ఇంకా బాధ కలిగిస్తుంది. 1975లో కార్లోస్ అనే వెనిజులా ఉగ్రవాది కోసం వేట సాగుతుండగా, అతని సామాను ఉన్న ఒక లండన్ ఫ్లాట్‌లో ఫోర్సైత్ నవల కనబడింది. ఫ్లాట్ అతనిది కాదు, అతని స్నేహితురాలిది. పుస్తకం అతనిదేనని రుజువూ లేదు. అయినా ఆనాటినుంచి అతను ‘కార్లోస్ ది జాకాల్’. అసలు పేరు ఇలిచ్ రామిరెజ్ సాంచెజ్ అంటే గుర్తుపట్టేవాళ్లెందరు? మనుషుల్ని చంపినవాడికి కథానాయకుడి బిరుదు దక్కింది, కథ రాసినవాడికి నేరంలో వాటా దక్కింది.

మన దగ్గరా ఇదే జబ్బు. ఎక్కడ శవం పాతిపెట్టి ఆధారాలు మాయం చేసినా ‘దృశ్యం తరహాలో హత్య’ అని శీర్షిక సిద్ధం. మలయాళంలో 2013లో, తెలుగులో 2014లో ఆ సినిమా రాకముందు మనుషులు శవాలు దాచలేదా? ఆ శీర్షిక కింద వార్తలో ఉండాల్సినవి ఉండవు: హతమైన మనిషి అంతకుముందు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు చేశారా, చేస్తే తీసుకున్నారా, తప్పిపోయిన మనిషి కోసం ఎన్నాళ్లకు కదిలారు? సినిమా పేరు రాస్తే ఈ ప్రశ్నలు అడిగే పని తప్పుతుంది. చనిపోయినవాళ్ల పేరున పింఛన్లు కాజేసినవాళ్లు మన జిల్లాల్లోనూ దొరికారు. వాళ్లకు ఏ నవల నేర్పింది?

అలాగని థ్రిల్లర్‌ను ఎవరూ విమర్శించకూడదని నేననను. ‘తులసిదళం’ నవల మీద రంగనాయకమ్మ చేసిన విమర్శ తెలుగువాళ్లకు తెలిసిందే. ఆమె ఆ నవల చదివి, అందులోని భావాలు మూఢనమ్మకాన్ని పెంచుతున్నాయని వాదించారు. ఒప్పుకోవచ్చు, మానవచ్చు, అది విమర్శ. అలమరలో పుస్తకం కనబడిందని రచయితను ముద్దాయిని చేయడం విమర్శ కాదు, చదవకుండా తీర్పు చెప్పడం.

విలేకరులకూ, సబ్‌ఎడిటర్లకూ నా విన్నపం: నిందితుడు ఏం చదివాడో, ఏం చూశాడో రాసేముందు, అతన్ని ఏ ఆఫీసు, ఏ అధికారి, ఏ నిర్లక్ష్యం పోనిచ్చిందో రాయండి. పాఠకులారా, ఆ వాక్యం లేని వార్తను నమ్మకండి.