‘టక్’మంటే తగ్గినట్లేనా?

* అర్హత అడగకుండానే వెన్ను అప్పగింత
* మెడ విరుపుతో మెదడుకు ముప్పు

వెన్నునొప్పి బాధితులను బల్లపై పడుకోబెట్టి, చేతులతో ఒక్కసారిగా నొక్కి కీళ్లను సర్దే ‘కైరోప్రాక్టిక్’ విధానంపై జనంలో ఆసక్తి పెరిగింది. సెల్‌ఫోన్లలో చక్కర్లు కొడుతున్న వీడియోలు ఇందుకు తోడవుతున్నాయి. సర్దేవారి అర్హత ఏమిటని అడిగేవారే కరవయ్యారు.

అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో 1895లో డి.డి.పామర్ ఈ విధానానికి శ్రీకారం చుట్టారు. దాదాపు అన్ని రోగాలకూ పూసలు తొలగడమే మూలమన్న ఆయన వాదన ఆధునిక వైద్యం ముందు నిలవలేదు. నడుము నొప్పికి మాత్రం కొంత ఊరట ఉండవచ్చని 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తమ మార్గదర్శకాల్లో పేర్కొన్నాయి. ఆధారాల బలం తక్కువేనని కూడా అవి స్పష్టం చేశాయి.

శబ్దం వెనుక..
కీలు సాగినప్పుడు లోపలి ద్రవంలో పీడనం తగ్గి వాయు బుడగ ఏర్పడుతుంది. ‘టక్’మనే శబ్దం దాని ఫలితమే. పూస స్వస్థానానికి చేరిందనడానికి అది రుజువు కాదు.

మెడతో చెలగాటం
మెదడుకు రక్తం చేరవేసే రెండు ధమనులు మెడపూసల రంధ్రాల గుండా వెళతాయి. మెడను హఠాత్తుగా తిప్పితే వాటి లోపొర చిరిగి, రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. ఇవి అరుదే అయినా ప్రాణాంతకం. క్షౌరశాలల్లో సరదాగా సాగే మెడ విరుపునకూ ఇది వర్తిస్తుంది.

నియంత్రణ ఏదీ?
ఈ వృత్తికి కనీసం 4,200 గంటల శిక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే సూచించింది. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ లైసెన్సు తప్పనిసరి. మన దేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. పుత్తూరు కట్టును తరతరాలుగా నమ్మిన నేల మనది. ‘హస్తవాసి’పై ఉన్న ఆ నమ్మకమే అర్హత లేనివారికి పెట్టుబడి కారాదు.

ఎముకలు గుల్లబారినవారు, కాళ్లూ చేతుల్లో తిమ్మిరి, బలహీనత ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. మూత్రంపై అదుపు తప్పితే తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి. బల్ల ఎక్కేముందు అర్హత పత్రం చూపమనడం రోగి హక్కు. దానిని తనిఖీ చేయడం జిల్లా వైద్యారోగ్య శాఖ బాధ్యత. అనర్థం జరిగాక విచారణకు ఆదేశించడం కన్నా ముందే మేల్కొనడం మేలు.