మూత్రంలో రాళ్లు: ఒక రోజు మూత్రం ఎందుకు పట్టాలి?

"రాయి పడిపోయింది, ఇక పీడ విరగడయింది" అనుకుంటారు చాలామంది. ఆ తర్వాత ఆసుపత్రి ముఖం చూడరు. రెండు మూడేళ్లు తిరిగేసరికి మళ్లీ అదే డొక్కలో పోటు, అవే వాంతులు. రాయిని తీయడం ఒక ఎత్తు, అది ఎందుకు తయారవుతున్నదో కనిపెట్టడం మరో ఎత్తు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, ఒకసారి రాయి వచ్చినవారిలో ఇంచుమించు సగం మందికి పదేళ్లలోపల మళ్లీ వస్తుంది. మాటిమాటికీ రాళ్లు అడ్డుపడి, చీముపట్టి, చివరకు మూత్రపిండమే పాడైపోయినవారు ఉన్నారు.

ఈ పరీక్ష ఏం చెబుతుంది?

ఉప్పుమడిలో నీరు ఇంకితే ఉప్పు తేలుతుంది. అలాగే మూత్రం చిక్కబడితే అందులోని లవణాలు పేరుకుని రాయి కడతాయి. నూటికి 80 రాళ్లు కాల్షియంతో ఏర్పడేవే. అయితే ఒకరికి మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది. మరొకరికి ఆక్సలేట్ ఎక్కువ. ఇంకొకరికి రాయి కట్టకుండా కాపాడే సిట్రేట్ తక్కువ. స్కానింగులో రాయి కనిపిస్తుంది గాని ఈ తేడా కనిపించదు. దాన్ని చెప్పేది 24 గంటల మూత్రపరీక్ష.

మొదటిసారి రాయి వచ్చినవారికి మామూలు మూత్రపరీక్ష, రక్తంలో కాల్షియం, యూరిక్ యాసిడ్, క్రియాటినిన్, దొరికితే ఆ రాయి పరీక్ష సాధారణంగా చాలు. మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చేవారు, రెండువైపులా రాళ్లున్నవారు, ఒకే మూత్రపిండం ఉన్నవారు, చిన్నపిల్లలు మాత్రం ఈ పరీక్ష చేయించుకోవాలి. నొప్పి, చీము ఉన్నప్పుడు వద్దు. అవి తగ్గి ఆరు వారాలయ్యాక చేయించుకోండి.

ఎలా పట్టాలి?

ఉదయం ఆరు గంటలకు లేచారనుకోండి. ఆ మొదటి మూత్రాన్ని పారబోసి, టైము రాసుకోండి. అక్కడినుంచి పగలూ రాత్రీ ప్రతి చుక్కా డబ్బాలోకే పోవాలి. మర్నాడు ఉదయం ఆరు గంటలకు పోసేది కూడా డబ్బాలోకే. మొదటిరోజుది లెక్కలోకి రాదు, రెండోరోజుది వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. విరేచనానికి వెళ్లేముందు మూత్రాన్ని వేరుగా మగ్గులో పట్టుకోండి.

లాబరేటరీవారు ఇచ్చిన డబ్బాలో కొంచెం యాసిడ్ ఉండవచ్చు. దాన్ని పారబోసి కడగకండి. నేరుగా అందులోకి మూత్రం పోయకండి, చర్మం కాలుతుంది. పిల్లలకు అందకుండా పెట్టండి.

మధ్యలో ఒకసారి మరచిపోతే దాచకండి, ఇంకోరోజు మళ్లీ మొదలుపెట్టండి. దాచినా దాగదు. మగవారికి రోజుకు, కిలో బరువుకు సుమారు 20 మిల్లీగ్రాముల క్రియాటినిన్ మూత్రంలో పోతుంది. 60 కిలోల మనిషికి 1,200 రావలసినచోట 600 వచ్చిందంటే, సగం మూత్రం డబ్బాలో పడలేదన్నమాట. ఆ రిపోర్టుతో వైద్యం చేస్తే దారి తప్పుతాము.

ఇంకో మాట. పరీక్షరోజున ఎక్కడలేని బుద్ధిమంతులు కాకండి! రోజూ నాలుగు గ్లాసుల నీళ్లు తాగేవారు ఆరోజు మూడు లీటర్లు తాగితే, ఆవకాయ లేనిదే ముద్ద దిగనివారు ఆరోజు చప్పిడి తింటే, రిపోర్టు మీది కాకుండా పోతుంది. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. పనిరోజున ఒకసారి, సెలవురోజున ఒకసారి పడితే మరీ మంచిది.

రిపోర్టు వచ్చాక

మొదట చూడవలసింది మొత్తం మూత్రం ఎంత అన్నది. ఎండలో పనిచేసేవారికి ఒక లీటరు కూడా రాకపోవచ్చు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్లు నీళ్లు తాగాలి. ఇటలీలో ఐదేళ్లు పరిశీలించి 1996లో ప్రకటించిన ఫలితాలలో, నీళ్లు ఎక్కువ తాగినవారిలో నూటికి 12 మందికి, తాగనివారిలో 27 మందికి రాయి మళ్లీ వచ్చింది. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగే నీళ్లు పెంచాలి.

కాల్షియం ఎక్కువని తేలగానే పాలు, పెరుగు మానేస్తారు. ఇది పొరపాటు. భోజనంలోని కాల్షియం పేగులలోనే ఆక్సలేట్‌ను పట్టి ఉంచుతుంది. తగ్గించవలసింది ఉప్పు. ఉప్పు పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. ఆక్సలేట్ ఎక్కువైతే పాలకూర తగ్గించాలి. సిట్రేట్ తక్కువైతే నిమ్మరసం కొంత మేలు చేస్తుంది, చాలకపోతే పొటాషియం సిట్రేట్ ఇస్తాము. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇది ప్రమాదం కనుక, పక్కింటివారి చీటీ చూసి కొనకండి.

మందులు, పథ్యం మొదలుపెట్టాక ఆరు నెలలలోపల ఇంకోసారి మూత్రం పట్టి ఇవ్వండి. పాత రిపోర్టు వెంట తీసుకురండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మీరు తాగే నీళ్లూ, వాడే మందూ సరిపోతున్నాయో లేదో తెలుస్తుంది.