పిసరంత జింకు

దాళ్వాకి విత్తనాలు తెచ్చుకున్న రైతు ముందు చేసే పని... గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటకట్టి, మూడు నాలుగు రోజులాగి విప్పి చూడడం. నూటికి ఎనభై మొలిస్తే విత్తనం మంచిదే. ఏలూరు చుట్టుపక్కలైనా, తాడేపల్లిగూడెం వైపైనా తాతలనాటి నుంచీ ఇదే పరీక్ష. విత్తనం మంచిచెడ్డలు తెలుసుకోవడానికి దీన్ని మించింది లేదు. కానీ ఆ తడిలో లోహపు సూక్ష్మరేణువులు ఉంటే మాత్రం ఈ పరీక్ష నిలువునా మోసం చేస్తుంది.

ఆ సంగతి 2007లోనే బయటపడింది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో లిన్, షింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆరు రకాల మొక్కల విత్తనాలు తీసుకున్నారు. అందులో మనకు తెలిసిన ముల్లంగి, దోస, మొక్కజొన్న కూడా ఉన్నాయి. జింకు, జింక్ ఆక్సైడ్, అల్యూమినియంలాంటి వాటి నానో రేణువులు కలిపిన నీళ్లలో వాటిని మొలకెత్తించారు. ఒకటి రెండు చోట్ల తప్ప గింజలన్నీ చక్కగానే మొలిచాయి. తేడా వచ్చింది ఆ తర్వాతే. లీటరుకు 2000 మిల్లీగ్రాముల జింకు రేణువులున్న నీళ్లలో వేరు అడుగు ముందుకు వేయలేదు. ముల్లంగి వేరు పెరుగుదల సగానికి పడిపోవడానికి లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములే చాలాయి. ఆవజాతికి చెందిన రేప్ మొక్కకైతే 20 మిల్లీగ్రాములే!

గింజకు పైతొక్క కాపలా ఉంటుంది. వేరుకు ఆ కాపలా లేదు. తొక్క చీల్చుకుని బయటికొచ్చిన క్షణం నుంచీ నీళ్లలో ఏముంటే దాన్ని తాకాల్సిందే. అందుకే మొలక శాతం నూటికి తొంభై చూపిస్తూనే పైరు గిడసబారిపోవచ్చు.

ఇంతకీ ఏమిటీ నానో? మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. తలవెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల దాకా ఉంటుంది. వందలోపు ఉన్న రేణువుల్నే నానో రేణువులంటారు. పటికబెల్లం గడ్డని నీళ్లలో వేస్తే ఎంతకీ కరగదు, అదే దంచి వేస్తే ఇట్టే కరిగిపోతుంది. లోహమూ అంతే. ఎంత చిన్న పొడి అయితే అంత ఎక్కువ భాగం బయటికి తేలి నీటినీ వేరునీ తాకుతుంది, అంత త్వరగా కరుగుతుంది. జింకు, రాగి మొక్కకు అవసరమైన పోషకాలే. అవి మోతాదు దాటితే కణాల్లో విషపూరితమైన ఆక్సిజన్ రూపాలు పుట్టి వేరుకొసను దెబ్బతీస్తాయి. సీసం, వెండిలాంటివైతే మొక్కకు ఏ మోతాదులోనూ అక్కర్లేదు.

ఈ పొడి ఎక్కడినుంచి వస్తుందంటారా? ఎండకు రాసుకునే క్రీముల్లో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉంటాయి. వాసన రాదంటూ అమ్మే మేజోళ్లలో వెండి ఉంటుంది. అలాంటి మేజోళ్లను నీళ్లలో జాడిస్తే వెండి ఊడొస్తోందని 2008లో అరిజోనా శాస్త్రవేత్తలు తేల్చారు. లారీ టైర్ల రబ్బరులోనూ జింక్ ఆక్సైడ్ ఉంటుంది, అరిగిన ప్రతి టైరూ రోడ్డు మీద కొంత వదిలిపోతుంది. వానొస్తే అదంతా కాలవలోకే. ఏలూరు మురుగు కొల్లేటికి చేరుతుంది. బెజవాడ వైపు మురుగు బుడమేరు మోసుకొస్తుంది. వీటికి తోడు చేపల చెరువుల్లో నాచు చావడానికి చల్లే మైలుతుత్తం ఉండనే ఉంది. అది నానో కాదు, కానీ అందులోని రాగి చివరికి చేరేది అదే బురదలోకి.

అలాగని నానో జింకు పేరు వినగానే భయపడాల్సిన పనీ లేదు. ఈ కథలో రెండో సగం మన తిరుపతిలోనే ఉంది. అక్కడి వ్యవసాయ శాస్త్రవేత్తలు మద్రాసు ఐఐటీ ఆచార్యుడు ప్రదీప్ తదితరులతో కలిసి వేరుశనగ మీద నానో జింక్ ఆక్సైడ్ ప్రయోగించి, 2012లో ఆ ఫలితాలు ప్రకటించారు. రేణువు సైజు సగటున 25 నానోమీటర్లు. పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు వాడితే గింజలు బాగా మొలిచాయి, మొక్కలు ఏపుగా లేచాయి. 2008-09, 2009-10 రబీ సీజన్లలో పొలంలో పిచికారీ చేసి చూస్తే, మామూలుగా సిఫారసు చేసే చీలేటెడ్ జింకుకన్నా 15 రెట్లు తక్కువ మోతాదుతోనే కాయల దిగుబడి 29.5 శాతం, 26.3 శాతం ఎక్కువ వచ్చింది. వరికి ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ బస్తా మోసే రైతుకు ఇది చిన్న విషయం కాదు.

అయితే అదే ప్రయోగంలో వెయ్యి పాళ్లను రెండు వేలు చేయగానే మొక్క వెనక్కి తగ్గింది. మేలుకీ కీడుకీ మధ్య దూరం రెండింతలే! తగినంతే వాడాలని శాస్త్రవేత్తలు హెచ్చరించారు కూడా. ‘కాస్త ఎక్కువేస్తే పోయేదేముంది’ అనే అలవాటు యూరియా విషయంలో ఎంత పాతుకుపోయిందో తెలిసిందే. ఇఫ్కో నానో జింకు, నానో కాపర్ ద్రవాలకు 2024లో కేంద్రం అనుమతిచ్చింది. సీసా మీది మోతాదును ఎవరు ఎంతవరకు పాటిస్తారన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇంకో చిక్కు ఉంది. ల్యాబులో అద్దపు పళ్లెం వేరు, తిరుపతి ఎర్రనేల వేరు, కొల్లేటి నల్లబురద వేరు. నీళ్లు నిలిచిన బురదలో గాలి ఆడదు. కాలితో తొక్కితే కుళ్లిన గుడ్డు కంపు కొట్టే ఆ బురదలో గంధకం లోహాన్ని పట్టుకుని సల్ఫైడుగా మారుస్తుంది. వెండి, జింకు, రాగి అలా బందీ అయిపోతే మొక్కకు పెద్దగా అందవు. వరి కూడా తక్కువది కాదు. తన వేళ్లనుంచి ఆక్సిజన్ వదిలి, చుట్టూ తుప్పురంగు ఇనుప పొర కట్టుకుంటుంది. పీకిన నారు వేళ్లమీద కనిపించే ఆ ఎర్రటి పూత చాలా లోహాలను బయటే ఆపేస్తుంది.

కానీ నీళ్లు తీసేస్తే? బురద ఎండి నెర్రెలిస్తే గాలి లోపలికి పోతుంది. సల్ఫైడు విడిపోతుంది, బందీగా ఉన్న లోహం మళ్లీ నీటిలో కరిగే రూపానికి వస్తుంది. కొల్లేటి బతుకే నిండడం, ఎండడం. వేసవిలో సరస్సు అంచులు బీటలు వారతాయి. చేపలు పట్టాక చెరువు ఎండగడతారు. గిట్టుబాటు కాక చెరువు గట్లు కొట్టేసి మళ్లీ వరి వేసేవాళ్లున్నారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరి, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువులు బద్దలైన చోట మట్టి ఎన్నిసార్లు తడిసి ఎన్నిసార్లు ఎండిందో! కొల్లేటి అడుగుమట్టిలో లోహం ఎంత అన్నదే కాకుండా ఏ రూపంలో ఉంది, తినే చేపలోకి ఎంత చేరుతోందన్నది కూడా చూసిన పరిశోధన 2004లో అచ్చయింది. అలాంటిది వరి వేరు మీదా రావాల్సిన అవసరముంది.

ఏలూరు జనానికి లోహాల పేర్లు కొత్త కాదు. 2020 డిసెంబరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో ఆస్పత్రి పాలైనప్పుడు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వార్త వచ్చింది. తర్వాత నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాలవైపు తిరిగింది. ఆ పది రోజుల్లో నీళ్లు, పాలు, కూరగాయలు అన్నీ పరీక్షకు వెళ్లాయి. ఊరు పడిపోయాక చేసిన పరీక్షలవి.

మామూలు రోజుల్లో రైతు చేతికొచ్చేది 2015 నుంచి ఇస్తున్న భూసార కార్డు. అందులో 12 అంశాలుంటాయి. జింకు, రాగి ఉన్నాయి కానీ వాటిని చూసేది లోపం ఉందా లేదా అని, ఎక్కువైందా అని కాదు. సీసం, నికెల్, వెండి ఆ కార్డులోనే లేవు. మొత్తం లోహం కొలిచే ల్యాబుకు పంపినా అక్కడ మట్టిని ఆమ్లంలో కరిగించే కొలుస్తారు. కరిగించాక అది నానోయో, రాయో చెప్పేదెలా? సైజును విడిగా కొలిచే యంత్రాలు ఖరీదైనవి, మండలానికొకటి పెట్టేవి కావు. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో నిట్ ఉన్నాయి. మట్టి పరీక్షకు పైరు తెలిసినవాళ్లూ, యంత్రం తెలిసినవాళ్లూ ఇంత దగ్గరగా దొరికే చోట్లు తక్కువే.

చేతిలో ఉన్న వస్తువులూ లేకపోలేదు. తాడేపల్లిగూడెం మిల్లుల ఊకను కాలిస్తే వచ్చే బూడిదలో అధికభాగం సిలికానే. సిలికా బాగా అందిన వరి లోహాలను తక్కువగా పీల్చుకుంటుందని చాలా ప్రయోగాల్లో తేలింది. గుర్రపుడెక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది నీటిలోని లోహాన్ని వేళ్లతో బాగా పట్టుకుంటుంది. మురుగు కలిసే చోట తీసిన గుర్రపుడెక్కను ఎరువు చేసి పొలానికి తోలితే, పట్టుకున్నదంతా తిరిగి పొలానికి తోలినట్టే.

చెరువు గట్టు కొట్టి వరి వేయబోయే రైతు, పాత తడిగుడ్డ పరీక్షనే కాస్త మార్చి చేసుకోవచ్చు. ఆ చెరువు మట్టి కలిపి తేర్చిన నీళ్లతో ఒక మూట, మంచి కాలవ నీళ్లతో ఇంకో మూట కట్టాలి. వారం తర్వాత ఎన్ని మొలిచాయన్నది కాదు, వేరు ఎంత పొడుగొచ్చిందో స్కేలు పెట్టి చూడాలి. మొదటి మూటలో వేరు పొట్టిగా ఉంటే లోపం మట్టిలోనే. అయితే అది లోహమే కానక్కర్లేదు... ఉప్పుటేరులోంచి సముద్రపు నీరు ఎగదన్నే ప్రాంతంలో ఉప్పు కూడా వేరును ఇలాగే కుదిస్తుంది. భూసార కార్డులో ఈసీ అని రాసి ఉండే అంకె ఆ ఉప్పు లెక్కే. అది మామూలుగా ఉండి వేరు మాత్రం పొట్టిగా వస్తే, అప్పుడు ఆ మట్టిని లోహాల పరీక్షకు పంపాలి.