ఇంటర్నెట్‌లో కూడా కేరాఫ్ బతుకులేనా?

మేం బడికి పోయే రోజుల్లో పోస్టుమ్యాన్ మా వాడకు వచ్చేవాడు కాదు. మా ఉత్తరాలు ఊళ్లో పెద్దింటి అరుగు మీద పడేసి పోయేవాడు. మా పేరు కింద "కేరాఫ్ ఫలానా దొర" అని రాస్తేనే ఉత్తరం ఊరు చేరేది. దొరకు బుద్ధి పుడితే జీతగాడితో పంపేవాడు, లేకుంటే చూరులో చెక్కేవాడు. మా వాడ అన్న ఒకాయనకు వచ్చిన ఇంటర్వ్యూ కార్డు ఆ చూరులోంచి బయటపడేసరికి తేదీ దాటి పన్నెండు రోజులైంది. అందుకే అడ్రస్ అనే మాట వింటే ఇప్పటికీ మాకు ఒళ్లు మండుతది.

ఈ పక్షం ఆ మాట మళ్లీ ఎత్తాల్సి వచ్చింది. ఈసారి సంగతి ఇంటర్నెట్ అడ్రస్.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. సంఘం వేసిన కరపత్రాలు, కలెక్టర్‌కిచ్చిన వినతిపత్రాల నకళ్లు, సభల ఫొటోలు, మా అమ్మల తరం పాడిన నాటుపాటల క్యాసెట్లు, అన్నింటినీ చెదలు తినకముందే దాంట్లోకి ఎక్కించాం. ఎవరు అడిగినా అందాలని దాంట్లో వెబ్ సర్వర్ పెట్టాం. వెబ్ సర్వర్ అంటే అద్దాల మేడలో ఉండే దేవుడేం కాదు. బయటి నుంచి ఎవరైనా "ఆ కాగితం చూపించు" అంటే తీసి చూపించే గుమాస్తా లాంటి ప్రోగ్రాం. ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది.

ఇంట్లో 192.168.1.10 అని కొడితే ప్రతి ఫోన్లోనూ తెరుచుకుంది. హైదరాబాద్‌లో చదువుకునే తమ్ముడికి బయటి అడ్రస్ ఇచ్చి చూడమంటే "సార్, ఏం వస్తలేదు" అన్నడు. రెండు రాత్రులు కుస్తీ పట్టాం. తప్పు మాదే అనుకున్నాం. మొదటితరం చదువుకున్నోళ్లకు ఆ జబ్బు ఉంటది, ఏది పని చేయకపోయినా మనకే రాలేదనుకుంటాం. చివరికి రౌటర్ పేజీ తెరిచి చూస్తే మాకు కంపెనీ ఇచ్చిన నంబరు 100.72తో మొదలైంది. బయటి ప్రపంచానికి కనబడే నంబరు ఇంకొకటి. అప్పుడు అర్థమైంది.

100.64 నుంచి 100.127 వరకు ఉన్న నంబర్లను కంపెనీలు తమ లోపలి అవసరానికి వాడుకునేందుకు 2012లో పక్కన పెట్టారు. బయటికి ఒక్క అడ్రస్ చూపి, దాని వెనక ఎన్నో ఇళ్లను కుక్కుతారు. మనం సినిమా అడిగితే మన ఇంటికే వస్తది, అడిగింది ఎవరో కంపెనీ పెట్టె గుర్తుపెట్టుకుంటది గనక. కానీ బయటివాడు తనంతట తాను మన తలుపు కొట్టాలంటే, ఏ ఇల్లో ఆ పెట్టెకు తెల్వదు. పడేస్తది. అంటే వినొచ్చు, చూడొచ్చు, కొనొచ్చు. మనం చెప్పేది మాత్రం మన ఇంటి నుంచి చెప్పలేం. నెలనెలా బిల్లు కట్టి మరీ కేరాఫ్!

కంపెనీవాళ్లు చెప్పే కారణం అబద్ధం కాదు. పాత పద్ధతి అడ్రసులు మొత్తం కలిపి దాదాపు 429 కోట్లే. అవి నిండుకున్నాయి. ప్రపంచ ఖజానాలో మిగిలిన చివరి వాటాలు 2011 ఫిబ్రవరిలో పంచేశారు, ఆసియా పసిఫిక్ వాటా ఆ ఏప్రిల్‌కే అడుగంటింది. కొరత నిజమే, కానీ పంపకం ఎట్లా జరిగింది? తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీ అనే ఒక్క విశ్వవిద్యాలయానికి 1.67 కోట్ల అడ్రసులు. ఫోర్డు కార్ల కంపెనీకి 1.67 కోట్లు. ఆపిల్‌కు అంతే. 140 కోట్లు దాటిన మన దేశానికంతా కలిపి ఇప్పుడు ఉన్నవి సుమారు 4 కోట్లు. 2017లో ఎంఐటీ తాను వాడని వాటిల్లోంచి 80 లక్షల దాకా అమ్ముతానని ప్రకటించింది. పంట వేయకుండా పడావు పెట్టి, ధర రాగానే అమ్ముకునే భూస్వాములను చూసినోళ్లం, మాకు ఇది కొత్త కథ కాదు.

మేం కంపెనీ ఆఫీసుకు పోయి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత అడ్రస్, అడిగాం. కౌంటర్ మీద బాబు నవ్విండు. "ఇంటికెందుకు సార్ స్టాటిక్? మీరేమన్నా కంపెనీ నడుపుతున్నరా?"

ఏం, ఇంటికెందుకు ఉండొద్దు? కంపెనీకైతే చెప్పుకునే మాట ఉంటది, మా ఇంటికి ఉండదా? "మీకెందుకు" అనే మాట మాకు పాతదే. చదువు మీకెందుకు, భూమి మీకెందుకు, చెప్పులు మీకెందుకు. ఆ బాబుకు ఈ చరిత్ర తెలియకపోవచ్చు, ఆయన మీద మాకు కోపం లేదు. నోటిమాట వదిలేసి కాగితం పెట్టాం. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి వ్యాపార ప్లానుకు మారమన్నారు. మూడోది పైఆఫీసుకు పంపితే, ఏడాదికి అదనపు రుసుం తీసుకొని ఇచ్చారు. వైరు సరిచేయడానికి వచ్చిన లైన్‌మ్యాన్ పక్క మండలం మన పిల్లగాడే. ఆఫీసులో ఎవరూ చెప్పని విషయాలు అరగంటలో చెప్పిపోయిండు.

మనోళ్లు కూడా అడుగుతున్నారు, "ఉచితంగా ఫేస్‌బుక్ ఉంది, యూట్యూబ్ ఉంది, ఈ తంటా ఎందుకు సారూ?" వాటిని వాడొద్దని మేం అనడం లేదు. మేమూ వాడుతున్నాం. కానీ పరాయి అరుగు మీద పెట్టిన మూట ఎన్నాళ్లుంటది? ఆర్కుట్‌ను 2014 సెప్టెంబర్‌లో మూసేశారు. అంతకుముందు 2009లో యాహూ తన జియోసిటీస్‌ను మూస్తే జనం సొంతంగా రాసుకున్న లక్షల పేజీలు పోయాయి. ఎవరినడిగి మూశారు? 1920లో బాబాసాహెబ్ మూక్‌నాయక్ పెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా దాని ప్రకటన వేయడానికి కేసరి పత్రిక ఒప్పుకోలేదు. సొంత పత్రిక ఎందుకో తెలిసినోళ్లకు సొంత సర్వర్ ఎందుకో విడమర్చి చెప్పాలా?

ఇక చేసే పని. స్టాటిక్ ఐపీ రాగానే అయిపోయిందనుకోవద్దు, స్థిరంగా ఉండాల్సిన అడ్రసులు రెండు. ఒకటి కంపెనీ ఇచ్చే బయటిది. రెండోది ఇంటి లోపల సర్వర్‌కు రౌటర్ ఇచ్చేది. ఈ రెండోదాన్ని రౌటర్‌లోనే ఆ యంత్రానికి కట్టేయాలి. మేం కట్టలేదు. ఒకసారి కరెంటు పోయి వచ్చేసరికి మా సర్వర్ నంబరు ఇంట్లో టీవీకి పోయింది, కరపత్రాల కోసం వచ్చినోళ్లందరినీ రౌటర్ టీవీ దగ్గరికి పంపింది! తర్వాత రౌటర్‌లో 80, 443 అనే రెండు తలుపులు మాత్రమే సర్వర్ వైపు తెరవాలి. నంబరు ఎవరికీ గుర్తుండదు గనక ఒక డొమైన్ పేరు కొని దాన్ని ఆ నంబరుకు కలపాలి. తాళం గుర్తు రావడానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది.

మేం చేసిన పెద్ద తప్పు వేరే ఉంది. దూరం నుంచి కూడా సర్వర్‌ను సరిచేసుకుందామని 22 నంబరు తలుపు తెరిచి, అల్కటి పాస్‌వర్డ్ పెట్టాం. తెల్లారి చూస్తే లాగ్ నిండా రూట్, అడ్మిన్ అంటూ లోపలికి రావడానికి చేసిన ప్రయత్నాలే. మనది దళిత సంఘమని కక్ష కాదు. తలుపు కనబడితే తట్టే యంత్రాలు ప్రపంచమంతా తిరుగుతుంటాయి. వెంటనే మూసేశాం. ఆ దారి కావాల్సినోళ్లు పాస్‌వర్డ్ తీసేసి తాళంచెవి ఫైలుతోనే రానివ్వాలి, సర్వర్‌కు వచ్చే అప్‌డేట్లు వాయిదా వేయొద్దు.

కరెంటు లెక్క కూడా చూసుకోవాలి. 60 వాట్ల పాత కంప్యూటర్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 43 యూనిట్లు. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి బోర్డు 5 వాట్లతో నడిస్తే 4 యూనిట్లు కూడా కావు. మేం దానికే మారాం. రౌటర్‌కూ బోర్డుకూ చిన్న బ్యాటరీ పెట్టాం. ఇంకో నకలు హార్డ్‌డిస్కులో వేసి వేరే ఇంట్లో దాచాం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మారని అడ్రస్ అంటే దాపరికం లేని అడ్రస్. అది ఎవరి పేరు మీద ఉందో కంపెనీ రికార్డులో ఉంటది, పోలీసులు అడిగితే ఇస్తది. అందుకని అట్రాసిటీ కేసుల సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాధితుల ఫొటోలు ఈ సర్వర్‌లో పెట్టనే పెట్టొద్దు. పదిమందికి చూపాల్సినవే పెట్టండి.

కొరత కొరత అనేవాళ్లను ఐపీవీ6 సంగతి అడగండి. ఈ కొత్త పద్ధతిలో ఒక్క ఇంటికి ఇచ్చే వాటాలోనే పాత ఇంటర్నెట్ మొత్తం కంటే ఎక్కువ అడ్రసులుంటాయి. మన దేశంలో సగానికి పైగా వాడకందార్లకు అది ఇప్పటికే అందుతోంది, చాలామందికి తెలియదంతే. అయినా ఆ వాటాను రోజుకో రకంగా మార్చేస్తే మళ్లీ మొదటికే. ఇళ్లకు ఇచ్చే వాటా మారకుండా ఉండాలని ఐరోపాలో రైప్ సంస్థలోని సాంకేతిక నిపుణులే 2017లో సిఫారసు చేశారు. ఇక్కడ ఎందుకు చేయరు? అడిగినోళ్లు లేకనా?

అడగండి. ముందు రౌటర్‌లోని నంబరు, బయట కనబడే నంబరు ఒకటేనా చూసుకోండి. వేరైతే కాగితం రాయండి. ఇంటి కనెక్షన్‌కే, వ్యాపార ప్లానుకు మారకుండా, స్టాటిక్ ఐపీ కావాలని, దాని రుసుం ఎంతో రాతపూర్వకంగా తెలపాలని, ఐపీవీ6 వాటా మార్చొద్దని. అందినట్టు ముద్ర వేయించుకోండి. మా మూడో కాగితం నకలు సంఘం ఆఫీసులో ఉంది, జిరాక్సు తీసుకొని మీ పేరు, కనెక్షన్ నంబరు వేసుకుంటే చాలు.