గోడలెక్కే పిల్లకు గోడ కావాలి

మీ ఇంట్లో కిటికీ ఊచలు పట్టుకుని అటక మీదికి పాకే పిల్ల ఉందా? ఉంటే ఈ వారం నేను చెప్పేది మీకు పనికొస్తుంది.

మా చెల్లెలి కూతురు అలాంటిదే. పదకొండేళ్లది. జామచెట్టు, వాటర్ ట్యాంకు నిచ్చెన, కాంపౌండు గోడ, ఏదీ వదల్లేదు. "ఇది ఆడపిల్లేనా?" అని వాళ్ల నాయనమ్మ రోజుకు రెండుసార్లన్నా అంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పోలండ్ అమ్మాయి అలెక్సాండ్రా మిరోస్లావ్ 15 మీటర్ల గోడను 6.10 సెకన్లలో ఎక్కి బంగారు పతకం తీసుకోవడం టీవీలో చూసింది. ఇంకేముంది, నన్నూ చేర్పించమని ఒకటే పోరు. పదిహేను మీటర్లంటే దాదాపు అయిదంతస్తుల మేడ అని మా మరిది లెక్క చెప్పాడు. మా చెల్లెలు ఆ రాత్రి అన్నం తినలేదు.

వద్దంటే మానే పిల్లయితే గొడవే లేదు. అపార్టుమెంటు డ్రైనేజి పైపు పట్టుకుని ఎక్కేకంటే, పరుపులూ తాడూ ఉన్నచోట ఎక్కడం నయం కదా అని నేనే నచ్చజెప్పాను. నచ్చజెప్పిన పాపానికి వెతికే పని నా నెత్తిన పడింది.

మేముండేది హైదరాబాదు. పెద్ద ఊళ్లో దొరకనిది ఉండదంటారు గానీ, ఎక్కడుందో తెలియాలిగా! ఫోనులో క్లైంబింగ్ జిమ్ అని కొడితే కండలు పెంచే జిమ్ములన్నీ వరసగా వచ్చాయి. ఒకచోటికి ఫోన్ చేసి అడిగితే, "ఉంది మేడం, మెట్లెక్కే మిషను ఉంది" అన్నాడు పాపం. అడగాల్సిన మాట బౌల్డరింగ్ అనో, క్లైంబింగ్ వాల్ అనో తర్వాత తెలిసింది. సరే, అలా అడిగితే ఒక అడ్రసు దొరికింది. గంటన్నర ఆటోలో పడి వెళ్తే అక్కడ సోఫాలు అమ్ముతున్నారు! ఎత్తయిన కప్పున్న హాలు కావాలి, అద్దె ఎక్కువ, వచ్చేవాళ్లు తక్కువ. అందుకే ఇలాంటివి మూతపడటం మామూలేనట. కనుక ఫోటోలు చూసి బయల్దేరకండి. ఫోన్ చేసి, మనిషితో మాట్లాడి, చిన్నపిల్లలకు ఏ రోజు నేర్పుతారో కనుక్కుని వెళ్లండి. ట్రెక్కింగ్ క్లబ్బుల వాళ్లను అడిగితే ఇంకా మంచిది. ఏ గోడ నడుస్తోందో, ఎక్కడ ఎవరు బాగా నేర్పుతారో వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కొన్ని స్కూళ్లలోనూ స్టేడియాల్లోనూ కూడా గోడలుంటాయి, బయటి పిల్లల్ని రానిస్తారేమో అడిగి చూడండి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 250 కోట్ల ఏళ్లనాటి బండల మధ్య వెలసిన ఊరు మనది. ఆ బండలు పగలగొట్టి మేడలు కట్టి, ఆ మేడల్లో ప్లాస్టిక్ రాళ్లు బిగించుకుని, డబ్బులిచ్చి ఎక్కుతున్నాం! నాయనమ్మగారి నోరు మూయించింది కూడా బండే లెండి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ తీసుకున్నది మన భువనగిరి బండ మీద. అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ సంగతి చెప్పాక ఆవిడ, "అయితే జడ గట్టిగా వేసి పంపండి" అంది. అంతమాత్రాన మొదటిరోజే పిల్లను బండ మీదికి తీసుకెళ్లమనడం లేదు నేను. లోపలి గోడ దగ్గర చెయ్యీ కాలూ కుదిరాక ఆ ముచ్చటా తీర్చుకోవచ్చు.

గోడ దొరికింది అనుకోండి. అందరిలాగా మీరూ పైకి చూస్తారు. ముందు కిందికి చూడండి. బౌల్డరింగ్ అంటే తాడు లేకుండా ఎక్కేది, గోడ నాలుగు, నాలుగున్నర మీటర్లుంటుంది. పడితే పరుపే దిక్కు. ఆ పరుపు అడుగు మందాన ఉండాలి, గోడ పొడుగునా సందుల్లేకుండా పరిచి ఉండాలి. రెండు పరుపుల మధ్య సందులో కాలు పడితే మడమ మెలిపడుతుంది. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఎక్కేటప్పుడు కాదట, దిగేటప్పుడట. రెండు కాళ్లమీద పడి, మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లాలి. చెయ్యి వెనక్కి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. ఎక్కడం కంటే ముందు పడటం నేర్పే చోటయితే నిశ్చింతగా చేర్పించండి. ఇంకో మాట, వెంట చిన్నపిల్లాడు ఉంటే పరుపు మీద ఆడుకోనివ్వకండి. పైనుంచి ఎవరు ఎప్పుడు పడతారో తెలియదు.

తాడు గోడ వేరు. నడుముకూ తొడలకూ హార్నెస్ అనే పట్టీ కట్టి, దానికి తాడు ముడివేస్తారు. తాడు పైకి వెళ్లి, కొక్కెం మీదుగా కిందికొచ్చి, నేలమీద ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. ఆ పట్టుకునే పనిని బిలే అంటారు. మీరు కనిపెట్టి చూడాల్సింది ఆ మనిషిని. పైన పిల్ల వేలాడుతుంటే కింద ఫోను చూసుకుంటున్నాడా? అయితే చెప్పులేసుకుని వచ్చేయండి. ఎక్కే ముందు ప్రతిసారీ, పదోసారి అయినా సరే, ఇద్దరూ ఒకరి ముడి ఒకరు, ఒకరి పట్టీ ఒకరు తడిమి చూసుకోవాలి. కొన్నిచోట్ల మనిషి బదులు తాడును తనే చుట్టుకుని మెల్లగా దింపే యంత్రం ఉంటుంది. యంత్రం మంచిదే, కానీ కొక్కెం తగిలించుకోవడం మరచిపోయి ఎక్కి పడినవాళ్లున్నారు. నేర్పే ఆయన ఎక్కడ నేర్చుకున్నాడని అడగడానికి మొహమాటపడకండి. డార్జిలింగులోనూ ఉత్తరకాశీలోనూ పర్వతారోహణ సంస్థలున్నాయి, అక్కడ కోర్సులు చేసినవాళ్లు సంతోషంగా చెబుతారు. సంతకం పెట్టమని ఇచ్చే కాగితం కూడా పూర్తిగా చదివే పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. మా అమ్మాయి ఎక్కుతుంటే నేను బల్లమీద కూర్చుని గుండె అరచేత పట్టుకున్నాను. రెండో వారం నేర్పే అమ్మాయి వచ్చి, "ఆంటీ, అలా కూర్చోకుండా మీరే తాడు పట్టకూడదూ?" అంది. నాకు నవ్వొచ్చింది. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు. కానీ ఇందులో బలం పనేం లేదు. తాడు ఒక చిన్న పరికరంలోంచి మెలితిరిగి వస్తుంది, బరువంతా ఆ రాపిడే మోస్తుంది. మనం చెయ్యాల్సింది ఒకటే, కిందివైపు తాడు పట్టుకున్న చెయ్యి వదలకూడదు. దోమ కుట్టినా సరే, ఇంటినుంచి ఫోనొచ్చినా సరే. (మనకంటే బాగా బరువైనవాళ్లకు మాత్రం మొదట్లో పట్టకండి, మనల్నే పైకి లాగేస్తుంది!) మూడు రోజులు వాళ్లు పక్కన నిలబడి చూశాక గానీ నన్ను ఒంటరిగా పట్టనివ్వలేదు. అలాగే ఉండాలి.

ఆ రోజు అమ్మాయి చివరిదాకా వెళ్లింది. వెళ్లి, గోడను కరుచుకుని ఉండిపోయింది. కిందికి రావాలంటే చేతులు వదిలి తాడు మీద కూర్చోవాలి కదా, అదీ భయం. "పెద్దమ్మా, టైట్!" అని అరిచింది. బిగించాను. "పట్టుకున్నావా?" అంది. పట్టుకున్నానన్నాను. మళ్లీ అడిగింది. ఆ పిల్ల నన్ను అలా అడగడం అదే మొదటిసారి. తర్వాత వదిలేసింది. ఆ బరువు నా నడుముకు తెలిసింది. మెల్లగా దింపాను. ఇప్పుడు మా చెల్లెలు కూడా నేర్చుకుంటోంది.

మీరూ ఎక్కాలనుకుంటే సంకోచించకండి. చేతుల బలంతో ఎక్కేది కాదిది. అటక మీంచి ఆవకాయ జాడీ దించేటప్పుడు మునివేళ్ల మీద ఎలా నిలబడతామో, అదే విద్య. బరువు కాళ్లది, చేతులు ఊరికే ఆసరా. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యండి. ఉంగరం రాయికి చిక్కుకుంటే వేలికే ముప్పు. వేలాడే గొలుసు ఏదైనా సరే తాడు దగ్గర ఉండకూడదు. పుస్తెలతాడు తీయడానికి మనసొప్పకపోతే ఆ మాట ముందే చెప్పి, వాళ్లు ఏమంటే అది వినండి. జడ ముడి చుట్టాలి, చున్నీ వద్దు, గోళ్లు తీసుకోవాలి. బూట్లు అద్దెకు అక్కడే ఇస్తారు.

పిల్లల వేళ్ల విషయం మాత్రం గుర్తుంచుకోండి. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య ఎముక ఇంకా పెరుగుతుంటుంది. వేళ్ల కొసలతో వేలాడే కసరత్తులు ఆ వయసులో వద్దు. వేలి నడిమి కణుపు నొప్పి అంటే పసుపు రాసి ఊరుకోకుండా ఎక్కడం ఆపించి డాక్టరుకు చూపించండి. బరువు తగ్గితే బాగా ఎక్కుతావని ఎవరైనా పిల్లతో అంటే, ఆ మనిషికి దూరంగా ఉంచండి. మేమయితే సున్నుండలూ వేరుశనగ పప్పుండలూ డబ్బాలో పెట్టుకుపోతున్నాం.

మొదటి వారం అరచేతులు మండుతాయి. రాత్రి కాస్త కొబ్బరినూనె రాయండి. ఎక్కి దిగాక ముంజేతులు ఎంత బిగుసుకుపోతాయంటే, పది నిమిషాలదాకా వేళ్లు ముడుచుకోవు. నీళ్లసీసా మూత, డబ్బా మూత మీరే తీసి ఇవ్వండి.